హోదా విడిచి హెలికాప్టర్ ఎక్కిన పైలట్

హెలికాప్టర్ అనగానే మన కోస్తా గ్రామములలోని పెద్దవారికి ముందుగా జ్ఞాపకము వచ్చేది తుపాను. 1977లో దివిసీమ ఉప్పెన, 1996లో కోనసీమ తుపాను చూచినవారికి ఆకాశములో ఆ రెక్కల చప్పుడు వినబడినదంటే ఆహారపు పొట్లములు వస్తున్నవని అర్థము. అంత ఎత్తున కూర్చుని ఆ యంత్రమును నడిపే మనిషి ఎవరో, ఎక్కడివాడో, ఎన్నేండ్లవాడో మనలో ఎవరమూ ఆలోచించము. పొట్లము చేతికి అందితే చాలును.

ఈ నెల అట్టి పనిలో జీవితము గడిపిన ఒక మనిషిని గురించి వ్రాయదలచితిమి. ఆయన మన దేశస్థుడు కాడు. అమెరికా సైన్యములోని పైలట్. పేరు మైకేల్ నోవోసెల్. ఆయన 1941లో సైన్యములో చేరారు. 1985లో పదవీ విరమణ చేసే నాటికి, రెండవ ప్రపంచ యుద్ధములో విమానము నడిపినవారిలో ఇంకను సైనిక పైలట్‌గా ఎగురుచున్న చివరి అమెరికన్ ఆయనే. బాంబులు వేసే విమానముతో మొదలుపెట్టి, గాయపడినవారిని మోసుకొని వచ్చే హెలికాప్టర్‌తో పేరు తెచ్చుకొన్నారు. ఈ రెండింటి మధ్య ఆయన తీసికొన్న నిర్ణయము ఒకటి ఉన్నది. ఆయన పొందిన పతకముల కంటె ఆ నిర్ణయమే మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది.

బాంబర్ పైలట్

నోవోసెల్ గారు 1922 సెప్టెంబరు 3న పెన్సిల్వేనియా రాష్ట్రములో, పిట్స్‌బర్గ్ నగరము చెంతనున్న ఎట్నా అను చిన్న పట్టణములో జన్మించారు. ఇనుము, ఉక్కు కర్మాగారముల ప్రాంతమది. తల్లిదండ్రులు యూరప్‌లోని క్రొయేషియా నుండి వలస వచ్చినవారు. ఆయన పెరిగిన 1930వ దశకము అమెరికాలో పనులు దొరకని కాలము. మిల్లులు మూతపడి, పనివారు వీధిన పడిన రోజులవి.

1941లో, పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి జరుగక కొన్ని నెలల ముందే ఆయన సైన్యపు వైమానిక విభాగములో చేరారు. పైలట్ శిక్షణకు కావలసిన కనీసపు ఎత్తుకు ఆయన పావు అంగుళము తక్కువ. పావు అంగుళమంటే మన చిటికెనవ్రేలి గోరంత కూడ ఉండదు. అయినను ఎలాగో ఆ గండము గట్టెక్కి పైలట్ అయ్యారు. 1945 నాటికి కెప్టెన్ హోదాలో బి-29 బాంబర్ నడుపుచున్నారు. నాలుగు ఇంజన్లు, పదకొండుమంది సిబ్బంది గల ఆ విమానము ఆ కాలమున లోకములోకెల్ల పెద్ద యుద్ధవిమానములలో ఒకటి. అదే సంవత్సరము మార్చి 9, 10 తేదీల మధ్య రాత్రి ఇట్టి విమానములే టోక్యో నగరము మీద నిప్పు కురిపించినప్పుడు సుమారు లక్షమంది మరణించారు. నోవోసెల్ గారు పసిఫిక్ యుద్ధభూమికి చేరినది ఆ తరువాత, యుద్ధము ముగింపుకు వచ్చిన దినములలో.

1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతములో మిస్సోరి అను యుద్ధనౌక మీద జపాను ప్రతినిధులు లొంగుబాటు పత్రము మీద సంతకములు చేశారు. అప్పుడు ఆ నౌక మీదుగా అమెరికా విమానములు గుంపులు గుంపులుగా ఎగిరినవి. వాటిలో ఒకదానిని నడిపినది నోవోసెల్ గారే. మరునాటికి ఆయనకు 23 ఏండ్లు నిండినవి.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పుకొందము. 1947 వరకు ఒక బాంబర్ దళమునకు నాయకత్వము వహించారు. 1949లో క్రియాశీల సేవ నుండి తప్పుకొన్నారు. కొరియా యుద్ధకాలములో మరల సేవలోనికి వచ్చి, 1953లో మరల విడిచి వెళ్లారు. ఆపైన సదరన్ ఎయిర్‌వేస్ సంస్థలో పైలట్‌గా పనిచేసి కుటుంబమును పోషించుకొన్నారు. వైమానిక దళపు రిజర్వులో మాత్రము పేరు కొనసాగినది. అందులోనే లెఫ్టినెంట్ కల్నల్ హోదా వరకు ఎదిగారు. ఒక వలస కుటుంబపు పిల్లవానికి అది చిన్న మెట్టు కాదు. మంచి జీతము, మంచి పేరు, భార్య, పిల్లలు. సామాన్యముగా ఇక్కడ ఒక మనిషి కథ ముగుస్తుంది.

కల్నల్ నుండి వారంట్ ఆఫీసర్

1963లో, 41 ఏండ్ల వయస్సులో, మరల పూర్తికాలపు సైనిక సేవకు వెళ్లవలెనని ఆయన తలచారు. వైమానిక దళమును అడిగితే పై హోదాలలో ఖాళీలు లేవన్నారు. లెఫ్టినెంట్ కల్నల్‌లు వారికి అప్పటికే కావలసినంతమంది ఉన్నారు. అంతటితో ఇంటికి తిరిగి వచ్చియుండవచ్చును. తప్పు పట్టేవారెవరు?

ఆయన ఇంటికి రాలేదు. ఆర్మీ దగ్గరకు వెళ్లారు. ఆర్మీకి హెలికాప్టర్ నడిపేవారు కావలెను, అయితే ఇచ్చేది వారంట్ ఆఫీసర్ హోదా. ఈ మాట మన పాఠకులకు కొంచెము వివరించవలెను. అమెరికా సైన్యములో వారంట్ ఆఫీసర్ అనగా సార్జెంట్లకు పైన, కమీషన్డ్ ఆఫీసర్లకు క్రింద ఉండే సాంకేతిక నిపుణుడు. సరిగ్గా సమానము కాకపోయినను మన సైన్యములో సుబేదారు ఉన్న చోటు వంటిదనుకొనవచ్చును. అనగా నిన్నటివరకు తనకు సెల్యూట్ చేసిన ఇరువది రెండేండ్ల లెఫ్టినెంట్ కుర్రవానికి రేపటి నుండి తానే సెల్యూట్ చేయవలెను. నోవోసెల్ గారు కల్నల్ బిళ్లలు తీసి ప్రక్కన పెట్టి ఆ ఉద్యోగములో చేరారు.

సంఘ కమిటీలో కోశాధికారి పదవి పోయినదని ఆరాధనకు రావడమే మానివేసిన పెద్దలను మేము చూచియున్నాము. పెండ్లి విందులో ముందు వరుసలో కుర్చీ వేయలేదని అలిగి, అన్నము తినకుండ వెళ్లిపోయిన బంధువులు ప్రతి ఊరిలోను ఉంటారు. కనుక ఈ సంగతి మాకు అంత తేలికగా తోచలేదు.

ఇందులో ఆయనకు లాభము కూడ ఒకటి ఉన్నదని చెప్పుట న్యాయము. అమెరికా ఆర్మీలో హెలికాప్టర్లు నడిపేవారిలో ఎక్కువమంది వారంట్ ఆఫీసర్లే. కల్నల్‌కు కాగితములు, సమావేశములు, క్రిందివారి తగవులు. వారంట్ ఆఫీసర్‌కు ఎగురుటే పని. ఎగురుట ఆయనకు ఇష్టమైన పని. కుర్చీ పోయినది గాని పని దొరికినది.

పని దొరికినను అది తెలిసిన పని కాదు. విమానము నడిపినవానికి హెలికాప్టర్ వెంటనే రాదు. విమానము ముందుకు పోతున్నంతసేపు రెక్కలే దానిని మోస్తవి. హెలికాప్టర్‌కు పైన తిరిగే రెక్కలే ప్రాణము. ఎడమచేతిలోని మీట ఎత్తితే యంత్రము పైకి లేస్తుంది, దించితే దిగుతుంది. కుడిచేతిలోని కఱ్ఱ ఎటు వంచితే అటు పోతుంది. కాళ్ల క్రింద రెండు పెడల్స్ తోక చివరనున్న చిన్న రెక్కను అదుపు చేస్తవి. అది లేకపోతే యంత్రమంతయు గిరగిర తిరిగిపోతుంది. ఒకటి కదిపితే మిగిలిన రెండును సరిచేసికొనవలెను. మగ్గము గుంటలో కూర్చున్న నేతపనివానిని చూడండి. చేయి ఒక పని, మరొక చేయి మరొక పని, కాళ్లు ఇంకొక పని చేయుచుండగా కన్ను మాత్రము నూలు మీదనే ఉంటుంది. గాలిలో ఒకే చోట నిలబడుట ఇంచుమించు అట్టి విద్య. నోవోసెల్ గారు దానిలో ఆరితేరినది నలువది దాటిన తరువాత, ఆయన వయస్సులో సగము లేని కుర్రవాండ్ర నడుమ. వియత్నాములో హెలికాప్టర్లు నడిపినవారిలో చాలామందికి ఇరువది, ఇరువది రెండు ఏండ్లే.

గాయపడినవారి బండి

యుద్ధములో గాయపడినవారిని హెలికాప్టర్‌తో తెచ్చుట మొదలైనది మన దేశపు సరిహద్దు దగ్గరనే అని చెబితే పాఠకులకు ఆశ్చర్యము కలుగవచ్చును. 1944 ఏప్రిల్‌లో అస్సాములోని లాలాఘాట్ విమానస్థావరము నుండి బయలుదేరిన కార్టర్ హార్మన్ అను అమెరికా లెఫ్టినెంట్, బర్మా అడవులలో శత్రువుల వెనుక చిక్కుకొన్న ఒక పైలట్‌ను, ముగ్గురు బ్రిటిష్ క్షతగాత్రులను కాపాడారు. ఆ చిన్న యంత్రములో పైలట్ గాక ఒక్కనికే చోటు. కనుక ఒక్కొక్కరినే తీసికొని వచ్చారు. 1950లో మొదలైన కొరియా యుద్ధములో హెలికాప్టర్‌కు ఇరుప్రక్కల, బయట, స్ట్రెచర్లు కట్టి తెచ్చేవారు. చలిగాలిలో, దారిలో చూచేవారు లేక ఆ మనుష్యులు ఎంత బాధపడినారో ఊహించుకొనండి.

వియత్నామునకు హ్యూయీ అను హెలికాప్టర్ వచ్చినది. దీనిలో గాయపడినవారిని లోపలనే పడుకోబెట్టవచ్చును. ఇద్దరు పైలట్లు, ఒక వైద్య సహాయకుడు, క్రూ చీఫ్ అనబడే ఒక మెకానిక్ కలిసి నలుగురు సిబ్బంది. దారిలోనే రక్తము ఆపి, సెలైన్ ఎక్కించుచు తెచ్చేవారు. ముక్కు మీద, తలుపుల మీద ఎఱ్ఱని సిలువ గుర్తు ఉండేది. సాధారణముగా మర తుపాకులు ఉండేవి కావు. సిలువ గుర్తు చూచి శత్రువు కాల్పులు ఆపేవాడనుకొంటే అది పొరపాటు. ఈ హెలికాప్టర్ల రేడియో పిలుపు పేరు డస్టాఫ్. దిగేటప్పుడు, లేచేటప్పుడు అవి రేపే దుమ్మును బట్టి ఆ పేరు తగినట్లే ఉన్నది.

ఈ పనికి ఒక వాడుకను ఏర్పరచినవారు మేజర్ చార్లెస్ కెల్లీ. 1964 జులై 1న ఆయన గాయపడినవారి కొరకు దిగినప్పుడు, కాల్పులు ఎక్కువగా ఉన్నవి, వెంటనే వెళ్లిపొమ్మని నేల మీదివారు రేడియోలో చెప్పారు. మీ గాయపడినవారు నాకు అందిన తరువాతనే వెళ్తానని ఆయన బదులిచ్చారు. అంతలోనే గుండెకు తూటా తగిలి మరణించారు. ఆ తరువాత వచ్చిన డస్టాఫ్ పైలట్లందరు ఆ మాటను తమ నియమముగా పట్టుకొన్నారు. నోవోసెల్ గారు చేరినది ఇట్టి వాడుక గల దళములో.

పని ఎట్లుండేదో కొంచెము చెప్పవలెను. పగలు రాత్రి అను భేదము లేదు. పిలుపు వచ్చిన కొద్ది నిమిషములలో రెక్కలు తిరుగవలెను. చోటు తెలియుటకు నేల మీదివారు రంగు పొగ వెలిగించేవారు. అయితే ఏ రంగు వెలిగించినది వారు ముందుగా చెప్పరు. పైలటే పైనుండి చూచి రంగు చెప్పవలెను, క్రిందివారు అవుననవలెను. ముందే చెబితే రేడియో వింటున్న శత్రువు అదే రంగు పొగ వెలిగించి తన తుపాకుల ముందుకు పిలుచుకొంటాడు. ఎక్కించుకొనేది అమెరికా సైనికులను మాత్రమే కాదు. వియత్నాము సైనికులు, పల్లెలలోని స్త్రీలు, పిల్లలు, ఒక్కొక్కసారి గాయపడిన శత్రు సైనికులు కూడ ఆ నేల మీదనే ప్రక్కప్రక్కన పడుకొని ఆసుపత్రికి వచ్చేవారు.

మొదటి విడత ముగించుకొని వచ్చిన తరువాత నోవోసెల్ గారికి కంటిలో గ్లకోమా ఉన్నదని డాక్టర్లు చెప్పారు. మన ఊళ్లలో నీటికాసులు అంటారు. మెల్లమెల్లగా చూపును హరించే వ్యాధి. దానితో ప్రయాణికుల విమానములు నడిపే దారి మూసుకొనిపోయినది. ఆర్మీ మాత్రము ప్రత్యేక అనుమతి ఇచ్చినది. ఆయన రెండవ విడతకు మరల వియత్నాము వెళ్లారు. ఇంటివద్ద ఆయన భార్య ఏమనుకొన్నదో పుస్తకములు అంతగా చెప్పవు. ఇట్టి జీవితములలో ఎప్పుడును చెప్పబడని సగము అది.

1969 అక్టోబరు 2

ఆనాటికి ఆయన వయస్సు 47. అప్పటికే ఉదయము నుండి చాలా గంటలు ఎగిరియున్నారు. మధ్యాహ్నము తరువాత పిలుపు వచ్చినది. కంబోడియా సరిహద్దున కియెన్ టువాంగ్ రాష్ట్రములో దక్షిణ వియత్నాము సైనికులు శత్రువుల శిక్షణా స్థావరము మీదికి వెళ్లి చిక్కుకొన్నారు. మెకాంగ్ నది డెల్టా అది. వరిచేలు, కాలువలు, చిత్తడి, మనిషి ఎత్తు గడ్డి. మన కొల్లేరు లంకల వైపు తిరిగినవారికి ఆ నేల ఎట్లుంటుందో చెప్పనక్కరలేదు. ఆ గడ్డిలో సైనికులు చెల్లాచెదరైపోయారు. చుట్టును మట్టి బంకర్లలో మర తుపాకులు. రేడియో సంబంధము తెగిపోయినది. ఎవరు బ్రతికియున్నారో, ఎక్కడ ఉన్నారో పైనున్నవారికి తెలియదు.

రక్షణగా వచ్చే ఆయుధ హెలికాప్టర్లు ఆ సమయమునకు లేవు. నియమముల ప్రకారము అవి వచ్చేవరకు ఆగవచ్చును. నోవోసెల్ గారు ఆగలేదు. గడ్డి మీదుగా బహు క్రిందుగా చుట్టు తిరుగనారంభించారు. దానికి కారణము ఉన్నది. మాటతో పిలుచుటకు వీలులేదు, భాష కూడ వేరు. కనుక హెలికాప్టరే పిలుపు కావలెను. అది మాటిమాటికి వచ్చి అదే చోట తిరుగుచుంటే, మన కొరకే వచ్చినదని గడ్డిలో దాగినవారు గ్రహించవలెను. తుపాకులు కాల్చుచునే ఉన్నవి. కొంతసేపటికి ఒకడు లేచి నిలబడినాడు. ఆయన దిగి ఎక్కించుకొన్నారు. అది చూచి ఇంకొకడు, మరి ఇద్దరు ప్రాకుచు రాసాగారు.

ఆరుసార్లు కాల్పుల ధాటికి ఆ చోటు విడిచి వెళ్లవలసి వచ్చినది. ఆరుసార్లును చుట్టు తిరిగి మరొక దిక్కు నుండి మరల వచ్చారు. హెలికాప్టర్ పూర్తిగా నేలకు ఆనుట లేదు. గడ్డిలో నుండి లేచిన చేతిని వైద్య సహాయకుడు, క్రూ చీఫ్ తలుపు దగ్గర పొట్ట మీద పడుకొని పట్టి లాగుచున్నారు. నిండగానే సమీపములోని శిబిరములో దించి, ఇంధనము పోసికొని తిరిగి వచ్చుట. ఇట్లు సుమారు రెండున్నర గంటలు గడిచినవి. ఈ మెకానిక్‌లు, సహాయకులు పడిన పాటు గురించి లోకము తక్కువ మాట్లాడుతుంది. పతకము పైలట్‌కు వచ్చినది గాని ఆ రోజు పట్టుకొని లాగిన చేతులు వారివి.

చివరికి ఒక శత్రు బంకర్‌కు బహు దగ్గరగా గాయపడిన సైనికుడొకడు కనబడినాడు. ముందునుండి వెళితే తూటాలు నేరుగా తలుపులోనికి, సిబ్బంది మీదికి వస్తవి. నోవోసెల్ గారు హెలికాప్టర్‌ను త్రిప్పి, గాలిలో వెనుకకు నడిపించుకొంటు వెళ్లారు. తోక భాగము సిబ్బందికి కొంత అడ్డుగా ఉంటుందని ఆయన ఉపాయము. వెనుక ఏమున్నదో పైలట్‌కు కనబడదు. సిబ్బంది చెప్పే మాట మీదనే నడపవలెను. తోకలోని చిన్న రెక్క గడ్డికో మట్టికో తగిలితే అంతటితో సరి. అట్లే వెళ్లి ఆ మనిషిని పట్టుకొని పైకి లాగుచుండగా, దగ్గరనే లేచిన శత్రువు తుపాకి గురిపెట్టి కాల్చాడు. తూటాలు హెలికాప్టర్‌లో దూసికొనిపోయినవి. నోవోసెల్ గారి కుడికాలికి, చేతికి గాయములైనవి. క్షణకాలము యంత్రము అదుపు తప్పినది. అంతలోనే సర్దుకొని, కాల్పుల మధ్యనుండే పైకి లేచి బయటపడినారు. చివరి మనిషి కూడ దక్కినాడు.

ఆనాడు పదిహేనుసార్లు దిగి ఇరువది తొమ్మిదిమందిని బ్రతికించారు. ఆ ఇరువది తొమ్మిదిమందిలో ఒక్కరును ఆయన దేశస్థులు కారు. ఒక్కరి పేరును ఆయనకు తెలియదు.

వియత్నాము యుద్ధము న్యాయమైనదా కాదా అని అమెరికాలోనే ఇండ్లు రెండుగా చీలినవి. ఆ యుద్ధములో మరణించిన వియత్నాము ప్రజల సంఖ్య లక్షలలో ఉన్నది. దానిని సమర్థించుట మా ఉద్దేశము కాదు. అయితే ఆ యుద్ధములో నోవోసెల్ గారి లెక్క పుస్తకము చూడండి. రెండు విడతలలో 2,543 సార్లు ఎగిరి 5,589 మంది క్షతగాత్రులను ఆసుపత్రులకు చేర్చారు. ఒక్కొక్క విడత సామాన్యముగా సంవత్సరము. అనగా ఆదివారము, పండుగ అని లేకుండ దినమునకు మూడు నాలుగుసార్లు. బాంబర్ పైలట్‌గా పడగొట్టిన వాటిని ఎవరైనను లెక్కపెట్టియుంటే అది వేరే పుస్తకము. 41 ఏండ్ల వయస్సులో ఆ హోదాను పట్టుకొని కూర్చుని ఉంటే ఈ రెండవ పుస్తకము లేనే లేదు.

తండ్రి, కుమారుడు

రెండవ విడత ముగియక ముందే ఆయన కుమారుడు కూడ అదే దళములోనికి పైలట్‌గా వచ్చాడు. తండ్రి పేరే కుమారునికి, మైకేల్ జూనియర్. తండ్రి, కొడుకు ఒకే చోట, ఒకే పని, ఒకే అపాయము. వ్యవసాయములోను చేపల వేటలోను తండ్రి వెంట కొడుకు వెళ్లుట మనకు మామూలే. అయితే యుద్ధములో ఒకే ఇంటివారిని ఒకే దళములో ఉంచుట ఎంత భయము! ఒక్క టెలిగ్రాము రెండు చావు కబుర్లు తేగలదు.

ఒకనాడు కుమారుని హెలికాప్టర్ దెబ్బతిని నేలకు దిగవలసి వచ్చినది. వెళ్లి ఎక్కించుకొని వచ్చినది తండ్రి. సరిగ్గా మరుసటి వారమే తండ్రి హెలికాప్టర్ దెబ్బతిన్నది. ఈసారి వచ్చినది కుమారుడు. 5,589 మందిలో ఒకడు తన స్వంత కుమారుడు. మిగిలిన 5,588 మందికి కూడ ఎక్కడో ఒక తండ్రి ఉండే ఉంటాడు గదా.

1971 జూన్ 15న అధ్యక్షుడు నిక్సన్ చేతులమీదుగా నోవోసెల్ గారు మెడల్ ఆఫ్ ఆనర్ అందుకొన్నారు. మన పరమవీర చక్ర వంటి పతకమది. అంతకు ముందు ఇదే పనికి, ఒకే రోజు 51 మందిని తెచ్చినందుకు పాట్రిక్ బ్రేడీ అను డస్టాఫ్ పైలట్ కూడ ఆ పతకము పొందారు. ఇద్దరును శత్రువును చంపినందుకు కాదు, మనుష్యులను మోసినందుకు పొందినవారే.

తరువాత ఆర్మీ పారాచూట్ బృందమైన గోల్డెన్ నైట్స్‌కు పైలట్‌గా ఉన్నారు. ఆపైన అలబామా రాష్ట్రములోని ఫోర్ట్ రక్కర్‌లో వారంట్ ఆఫీసర్లకు పాఠములు చెప్పారు. అమెరికా ఆర్మీ హెలికాప్టర్ పైలట్లు తయారయ్యేది అక్కడనే. ఒకప్పుడు తాను తలవంచి తీసికొన్న హోదాలోనే కుర్రవాండ్రకు గురువయ్యారు. 1985లో సెలవు తీసికొనే నాటికి 12,400 గంటలు ఎగిరియున్నారు. అందులో 2,038 గంటలు యుద్ధములో. గంటలను దినములుగా లెక్కించితే ఒక మనిషి జీవితములో ఒక సంవత్సరము నాలుగు నెలలకు పైగా రాత్రింబగళ్లు గాలిలోనే గడిచినట్లు. చివరివరకు వారంట్ ఆఫీసరే. 1999లో తన జీవితకథను డస్టాఫ్ అను పేరుతో పుస్తకముగా ప్రచురించారు. 2006 ఏప్రిల్ 2న మరణించారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానములో సమాధి చేశారు.

2023 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వము ఆయన పాఠములు చెప్పిన ఆ శిబిరమునకే ఫోర్ట్ నోవోసెల్ అని పేరు పెట్టినది. అంతకుముందున్న రక్కర్ అను పేరు, బానిసత్వమును నిలుపుకొనుటకు పోరాడిన దక్షిణ రాష్ట్రముల సైన్యములోని ఒక కల్నల్‌ది. 2025లో మరల ఫోర్ట్ రక్కర్ అనియే మార్చారు. ఈసారి మొదటి ప్రపంచ యుద్ధములో విమానము నడిపిన ఎడ్వర్డ్ రక్కర్ అను మరొకరి పేరు మీద. ఒక వారంట్ ఆఫీసర్ పేరు ఆ శిబిరపు ద్వారము మీద నిలిచినది రెండేండ్లకు కొంచెము పైగా.